పొయ్యికి గాలి కొలత తెలిసిన కట్టె కలిసివచ్చును

మేడిపల్లి, కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతములలో పసుపు తవ్వు రోజులు వచ్చినచో కట్టెలకు గిరాకి పెరుగును. ఇంటిలో గ్యాసు పొయ్యి ఉన్నను స్నానముల నీళ్ళకు, పశువుల దాణాకు, పెండ్లి వంటకు, పసుపు ఉడకబెట్టుటకు కట్టెల పొయ్యియే దిక్కు. సిలిండరు అయిపోయిన నాడు అన్నము కూడ దానిమీదనే ఉడుకును. కావున కట్టెల పొయ్యి కాలము చెల్లినదని తలచి దానిని అశ్రద్ధ చేయుట తగదు.

రైతు సోదరులారా! మీరు ఎరువునకు కొలత అడుగుదురు. విత్తనమునకు కొలత అడుగుదురు. పైరుకు ఎన్ని తడులు పెట్టవలెనో లెక్క వేయుదురు. పొయ్యిలోనికి పోవు గాలికి కూడ ఒక కొలత ఉన్నదని ఎప్పుడైనను ఆలోచించితిరా? ఈ కొలత తెలిసినవారికి కట్టె తక్కువ పట్టును, వంట త్వరగా అగును, ఇంటి ఆడవారి కండ్లు, ఊపిరితిత్తులు కొంతవరకు బాగుండును. ఇందుకు పెద్ద ఖర్చు లేదు. మట్టి, కొన్ని ఇనుప చువ్వలు, ఒక రేకు ముక్క, ఒక పొగగొట్టము ఉన్న చాలును.

పొగ అనగా మండని కట్టెయే

కట్టె ఒక్కసారిగా మండిపోవునది కాదు. మొదట అందులోని తేమ ఆవిరియై పోవును. తరువాత కట్టె వేడి 200, 300 డిగ్రీల సెంటిగ్రేడుకు చేరునప్పటికి అది విడిపోయి వాయువులను వదలును. ఎండిన కట్టె బరువులో నాలుగింట మూడు వంతులు ఈ వాయువుల రూపముననే బయటికి వచ్చును. మిగిలినది బొగ్గు, బూడిద. మనము చూచెడి మంట ఈ వాయువులు మండుటయే కాని వేరొకటి కాదు.

ఈ వాయువులు పూర్తిగా మండుటకు రెండు కావలెను. ఒకటి సుమారు 600 డిగ్రీల వేడి. రెండవది చాలినంత గాలి. ఈ రెండింటిలో ఏది లోపించినను వాయువులు మండకుండగనే పైకి పోవును. అదియే పొగ. కంటికి నీరు తెప్పించు ఆ పొగ మీరు కొట్టి, మోసి, ఎండబెట్టి తెచ్చిన కట్టెయే. అది కొంత మసియై గిన్నెకు, కొంత జిగురై వాసములకు, కొంత విషమై వంట చేయు తల్లి ఊపిరితిత్తులకు, ఆమె ఒడిలోని బిడ్డకు చేరుచున్నది.

ఇది చిన్న విషయము కాదు. ఇండ్లలోని పొయ్యిల పొగ వలన 2020లో ప్రపంచమున సుమారు 32 లక్షల మంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో ఐదేండ్ల లోపు పిల్లలే 2 లక్షల 37 వేలకు పైగా ఉన్నారు. పిల్లలకు న్యుమోనియా, పెద్దలకు ఆయాసపు జబ్బు, గుండెజబ్బు, కంటిలో శుక్లము ఈ పొగతో ముడిపడి ఉన్నవి.

గాలి తక్కువైనను నష్టమే, ఎక్కువైనను నష్టమే

ఒక కిలో ఎండిన కట్టె పూర్తిగా మండుటకు సుమారు 5 ఘనపు మీటర్ల గాలి కావలెను. అనగా పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కొక్కటి ఐదున్నర అడుగులు గల గదిలో పట్టునంత గాలి. పొయ్యిలో గాలి, వాయువులు సరిగా కలియవు కనుక ఆచరణలో ఇంతకన్న ఎక్కువయే కావలసియుండును. పొయ్యి నోటినిండ కట్టెలు కుక్కినచో ఇంత గాలి ఏ దారిన లోనికి పోవును? బూడిద తీయక నిప్పులు అందులో కూరుకొని పోయినచో వానికి ఊపిరి ఎక్కడిది? అప్పుడు ఇల్లాలు ఊదుగొట్టము పట్టి ఊదవలసి వచ్చును. అనగా పొయ్యి చేయవలసిన పని ఆమె ఊపిరితిత్తులు చేయుచున్నవి.

గాలి ఎక్కువైన ఏమి నష్టమని మీరు అడుగవచ్చును. గాలిలో ఐదవ వంతు మాత్రమే మంటకు పనికివచ్చును. మిగిలిన నాలుగు వంతులు పొయ్యిలో ఊరకనే వేడెక్కి, ఆ వేడిని మూటగట్టుకొని బయటికి పోవును. అక్కరకు మించిన గాలి మంటను చల్లార్చును, గిన్నెకు అందవలసిన వేడిని తరలించుకొని పోవును. ఆరుబయట మూడు రాళ్ళ పొయ్యి మీద కట్టెలోని 100 పాళ్ళ వేడిలో 10 నుండి 15 పాళ్ళు మాత్రమే గిన్నెకు అందుటకు ఇది ఒక ముఖ్య కారణము.

గాలి పోవు చోటు కూడ ముఖ్యము. కట్టె క్రిందనుండి వచ్చు గాలి నిప్పులను రగిల్చును. కట్టె పైనుండి వచ్చు గాలి వాయువులతో కలిసి వానిని మండించును. మొదటిది లేనిచో నిప్పు ఆరిపోవును. రెండవది లేనిచో పొగ వచ్చును. మంచి పొయ్యికి ఈ రెండు దారులు ఉండవలెను.

హైదరాబాదులో జరిగిన కృషి

ఈ విషయమై మన రాష్ట్ర రాజధానిలోనే చాలకాలము క్రిందట కృషి జరిగినది. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలలో డాక్టరు ఎస్.పి. రాజు గారు పొగలేని పొయ్యిని రూపొందించి, లక్షలాది ఇండ్లకు పొగలేని వంటిల్లు అను అర్థము వచ్చు పేరుతో 1953లో ఆంగ్లమున ఒక చిన్న పుస్తకము వెలువరించిరి. అప్పుడు మేడిపల్లి కూడ హైదరాబాదు రాష్ట్రములోని కరీంనగరు జిల్లాకు చెందినదే. ఆ పొయ్యి మట్టితో కట్టునది. ఒకే మంట మీద వరుసగా రెండు మూడు గిన్నెలు పెట్టవచ్చును. పొగగొట్టము ఉండును. అన్నిటికన్న ముఖ్యముగా వేడిగాలిని అదుపు చేయుటకు వెనుకకు, ముందుకు జరుపగల ఇనుప అడ్డురేకులు ఉండును.

తరువాత 1980లలో కేంద్ర ప్రభుత్వము మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమమును చేపట్టి, 2002 వరకు నడిపి, దేశమంతట 3 కోట్లకు పైగా పొయ్యిలను కట్టించినది. అందు చాల పొయ్యిలు కొలది కాలమునకే మూలబడినవి. మట్టి పగిలినను, గొట్టము మసితో మూసికొనినను బాగుచేయువారు లేకపోయిరి. కొన్ని పొయ్యిలు పొగను బయటికి పంపినను కట్టెను ఆదా చేయలేదు. పొగగొట్టము ఉండి అడ్డురేకు లేనిచో, లేక ఉన్నను దానిని వాడనిచో, గొట్టము గాలిని బలముగా గుంజి వేడినంతటిని ఆకాశమునకు పంపును. పొయ్యి కట్టుట ఒక ఎత్తు, దానిని నడుపుట ఒక ఎత్తు అని ఈ అనుభవము తెలుపుచున్నది.

పొయ్యి కట్టుకొను విధము

పుట్టమన్ను లేక బంకమన్నులో ఇసుక, తరిగిన వరిగడ్డి, కొంచెము పేడ కలిపి రెండు మూడు రోజులు నానబెట్టి తొక్కవలెను. మంట ఉండు గుంట చుట్టును ఊక ఎక్కువగా కలిపిన మట్టిని ఒక పొరగా వేయుట మంచిది. ఊక కాలిపోయి సన్నని రంధ్రములు ఏర్పడును. అట్టి మట్టి వేడిని త్వరగా పీల్చుకొనదు. దిట్టమైన మట్టి గోడలు మాత్రము మొదటి అరగంట వేడిని తామే త్రాగివేయును.

పొయ్యి అడుగున బూడిద గుంట వదలి, దానిమీద ఇనుప చువ్వల జాలీ అమర్చవలెను. కట్టెలు జాలీ మీద ఉండును. క్రింది గుంట గుండ గాలి వచ్చును. జాలీ నుండి గిన్నె అడుగునకు సుమారు రెండు బెత్తెల ఎత్తు, అనగా 15 సెంటీమీటర్లు ఉండవలెను. గిన్నె మరీ దగ్గరగా ఉన్నచో మంట చల్లని గిన్నెకు తగిలి మండకుండగనే మసియగును. మరీ దూరముగా ఉన్నచో వేడి దారిలోనే చెదరిపోవును.

మొదటి గిన్నె క్రిందనుండి వేడిగాలి రెండవ గిన్నె క్రిందికి పోవుటకు దారి తీయవలెను. ఆ దారి చివర పొగగొట్టము ఉండును. గొట్టము లోపలి వెడల్పు 10 సెంటీమీటర్లు ఉండి, పైకొన ఇంటి కప్పు నడికొప్పు కన్న రెండు మూడు అడుగులు ఎత్తుగా ఉండవలెను. కప్పు గడ్డిది, తాటాకుది అయినచో గొట్టము చుట్టును మూరెడు మేర గడ్డి తీసివేసి రేకు అమర్చవలెను. కాల్చిన మట్టి గొట్టము లేక లోహపు గొట్టము వాడవచ్చును. పాత ఆస్బెస్టాసు గొట్టములను తెచ్చి కోయరాదు. వాని దుమ్ము ఊపిరితిత్తులకు మిక్కిలి హానికరము.

రెండవ గిన్నెకు, పొగగొట్టమునకు మధ్య ఒక సన్నని చీలిక విడిచి, అందులో జారునట్లు ఇనుప రేకు ముక్కను దించవలెను. ఇదియే అడ్డురేకు. దాని ఒక మూలను కత్తిరించి ఉంచుడు. అప్పుడు పూర్తిగా దించినను కొంత సందు మిగులును. ఈ సందు ప్రాణరక్షణకు ఎందుకు అవసరమో ముందు చెప్పెదము. పొయ్యి పది, పదిహేను రోజులు నీడన ఆరిన తరువాత చిన్న మంటతో మొదలుపెట్టవలెను. వచ్చిన బీటలను అదే మట్టితో పూడ్చవలెను.

మంటను నడుపు విధము

మొదట కట్టె ఎండినదై ఉండవలెను. అప్పుడే కొట్టిన కట్టెలో ఇంచుమించు సగము బరువు నీరే. అట్టి కట్టె 10 కిలోలు పొయ్యిలో పెట్టినచో 5 కిలోల నీటిని ఆవిరి చేసిన తరువాత గాని అది వంటకు అక్కరకు రాదు. అంతకన్న పెద్ద నష్టము వేరొకటి కలదు. ఆ ఆవిరి మంటను చల్లబరచి వాయువులను మండనీయదు. తుమ్మ, వేప, చింత, సుబాబుల్ ఏ కట్టెయైనను మణికట్టు కన్న సన్నగా చీల్చి, వాన తగులని చోట గాలి ఆడునట్లు పేర్చి, ఒక ఎండకాలము ఎండనిచ్చినచో తేమ 15 నుండి 20 పాళ్ళకు దిగును. రెండు కట్టెలను ఒకదానితో ఒకటి కొట్టి చూడుడు. ఎండినవి ఖణేలున మ్రోగును, పచ్చివి మొద్దుగా పలుకును.

పొయ్యి రాజవేయునప్పుడు అడ్డురేకును పూర్తిగా పైకి తీయవలెను. కంది పుల్లలు, మొక్కజొన్న బెండ్లు వంటి సన్నని సామానుతో మొదలుపెట్టవలెను. చల్లని గొట్టము గాలిని గుంజదు, వేడెక్కిన గొట్టమే గుంజును. ఐదు, పది నిమిషములలో గొట్టము వేడెక్కును. అప్పుడు కట్టెలను రెండు మూడు చొప్పున, వాని మధ్య వ్రేలెడు సందు ఉండునట్లు పెట్టి, అడ్డురేకును సగము వరకు దించవలెను.

ఇక మంటయే మీకు లెక్క చెప్పును. పొయ్యి నోటినుండి పొగ వెనుకకు వచ్చినచో అడ్డురేకు ఎక్కువ దిగినదని, లేక గొట్టము మూసికొనినదని అర్థము. మంట బుసకొట్టుచు గొట్టము వైపు గుంజుకొని పోయినచో గాలి ఎక్కువైనదని అర్థము, రేకును కొంచెము దించుడు. మంట ఎఱ్ఱగా, నల్లని కొనలతో ఊగినచో గాలి చాలలేదు. పసుపుపచ్చగా, తేటగా గిన్నె అడుగును ముట్టుచు నిలకడగా ఉన్నచో గాలి సరిపోయినది. గొట్టము పైకొనను చూచినను తెలియును. అక్కడ పొగ కంటికి ఆననిచో పొయ్యి చక్కగా నడచుచున్నదన్నమాట.

అన్నిటికన్న ముఖ్యమైన మాట ఇది: వేడి తగ్గింపవలెనన్న కట్టెను వెనుకకు లాగుడు, గాలిని బిగింపకుడు. పొయ్యినిండ కట్టె ఉంచి గాలిని మూసినచో కట్టె వాయువులను వదలుట మానదు. అవి మండుట మాత్రము ఆగిపోవును. అప్పుడు ఇల్లంతయు పొగయగును. వేడిని కట్టెతో నిర్ణయించవలెను, గాలిని ఆ కట్టెకు సరిపెట్టవలెను.

పప్పు మరుగుట మొదలైన తరువాత మంటను రెట్టింపు చేసినను నీటి వేడి సుమారు 100 డిగ్రీలు దాటదు. ఎక్కువ కట్టె ఎక్కువ ఆవిరిని మాత్రమే ఇచ్చును, పప్పు త్వరగా ఉడకదు. కావున మరుగు రాగానే ఒక కట్టె తీసి మూత పెట్టవలెను. రెండవ గుంట మీద వంట లేనప్పుడు నీళ్ళ గిన్నెతో దానిని మూయవలెను. లేనిచో ఆ రంధ్రము గుండ చల్లగాలి దూరి గొట్టపు గుంజుడును చెరచును. పోయెడి వేడితో స్నానమునకు నీళ్ళు కూడ కాగును.

పసుపు ఉడకబెట్టునప్పుడు

ఇంటి పొయ్యికి చెప్పిన సూత్రమే పసుపు కడాయి పొయ్యికిని వర్తించును. పసుపు కొమ్ములు తవ్విన రెండు మూడు రోజులలోపల ఉడకబెట్టవలెను. నీరు కొమ్ములు మునుగునంత ఉన్న చాలును. ఎక్కువ నీరు పోసినచో దానిని కాచుటకే కట్టె ఖర్చగును. మరుగు వచ్చువరకు మంట గట్టిగా ఉండవలెను. వచ్చిన తరువాత మరుగు నిలుచునంత మంట చాలును. కడాయిని పసుపు ఆకుతోను, గోనెలతోను కప్పవలెను. సామాన్యముగా 45 నిమిషముల నుండి గంటలోపల నురుగు వచ్చి, తెల్లని ఆవిరితో పసుపు వాసన కొట్టును. కొమ్మును వ్రేళ్ళతో నొక్కిన మెత్తగా ఉండి, పుల్ల గ్రుచ్చిన సులువుగా దిగవలెను.

మంట ఒకసారి ఎగసి ఒకసారి పడిపోవు పొయ్యి మీద ఒకే కడాయిలో కొన్ని కొమ్ములు ఎక్కువ ఉడికి, కొన్ని పచ్చిగా మిగులును. ఎక్కువ ఉడికినచో రంగు చెడును. తక్కువ ఉడికినచో ఎండిన తరువాత కొమ్ము పెళుసగును. ఈ రెండింటి వలన అంగడిలో ధర తగ్గును. ఏడాది కష్టము ఈ గంట మంట మీద ఆధారపడి ఉన్నది.

కడాయి పొయ్యి నోరు గాలి నేరుగా కొట్టు దిక్కునకు ఉండరాదు. గాలి ఎదురుగా దూరినచో మంట కడాయి క్రింద నిలువక వెనుకకు పోవును. గాలి వీచు దిక్కున తడికెయో, ఇటుకల అడ్డుగోడయో కట్టవలెను. పొయ్యి వెనుక చివర చిన్న పొగదారి విడిచి, దానిని ఇటుకతో ఎక్కువ తక్కువ చేసికొనవచ్చును. ఆ ఇటుకయే మీ అడ్డురేకు. కడాయికి, పొయ్యి గట్టునకు మధ్య సందులను మట్టితో మూయవలెను.

ఆవిరి బాయిలరుతో పసుపు ఉడకబెట్టువారు మరియొక జాగ్రత్త తీసికొనవలెను. బాయిలరు రక్షణ వాల్వును కట్టివేయుట, దానిమీద బరువు పెట్టుట ప్రాణాపాయము. నీటి మట్టము చూడనిదే కట్టె వేయరాదు.

మరువరాని జాగ్రత్తలు

నిప్పులు మిగిలియుండగా అడ్డురేకును, తలుపులను పూర్తిగా మూసి నిద్రింపరాదు. గాలి చాలని బొగ్గుల నుండి కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వాంతి, మత్తు దాని గుర్తులు. అడ్డురేకు మూల కత్తిరించి ఉంచుమని చెప్పినది ఇందుకే. చలికాలమున కుంపటితో గది మూసికొని పడుకొనుట కూడ ఇట్టి అపాయమే.

పొయ్యి రాజవేయుటకు ప్లాస్టిక్ సంచులు, టైరు ముక్కలు వాడరాదు. వాని పొగ కట్టె పొగ కన్న విషపూరితము. మండుచున్న పొయ్యిలో కిరసనాయిలు పోయరాదు. గొట్టమును నెలకొకసారి చల్లగా ఉన్నప్పుడు దులిపి మసి తీయవలెను. పచ్చికట్టె వాడిన ఇండ్లలో గొట్టము లోపల జిగురు పేరుకొని ఒక్కొక్కప్పుడు అదియే అంటుకొనును. బూడిదను ప్రతిదినము తీసి, పూర్తిగా చల్లారిన తరువాత పెంటకుప్పకు చేర్చవలెను.

ఎంత బాగుగా కట్టినను, నడిపినను మట్టి పొయ్యి గ్యాసు పొయ్యి అంత శుభ్రమైనది కాదు. గొట్టము గుండ పోయిన పొగ ప్రక్కింటికి చేరవచ్చును. గ్యాసు ఉన్న ఇంట రోజువారీ వంట, ముఖ్యముగా గర్భిణీలు, పసిపిల్లలు ఉన్నచోట, గ్యాసు మీదనే చేయుట మేలు. కట్టె మిగిలిన పనులకు ఉండును, ఆ పనులకు ఈ పద్ధతి ఉపకరించును.

మీరే తూచి చూడుడు

ఒకరు చెప్పిన మాట కన్న స్వయముగా తూచిన లెక్క గొప్పది. ఇపుడు మీరు వాడు పొయ్యి మీద 5 లీటర్ల నీరు మూత పెట్టి కాచుడు. ముందుగా కట్టెను తూచి ఉంచుడు. మరుగు రాగానే మిగిలిన కట్టెను తూచి, ఖర్చయినది వ్రాసికొనుడు. గాలిలో ఆరిన కట్టె కిలోలో సుమారు 3,500 కిలో కేలరీల వేడి ఉండును. ఆ నీటిని 25 డిగ్రీల నుండి మరుగుకు తెచ్చుటకు 375 కావలెను. 100కి 12 పాళ్ళు మాత్రమే అందించు పొయ్యికి సుమారు 900 గ్రాముల కట్టె పట్టును. 25 పాళ్ళు అందించు పొయ్యికి సుమారు 430 గ్రాములు చాలును. అడ్డురేకు అమర్చి, జాలీ వేసి, ఎండిన కట్టెతో అదే గిన్నెలో అదే నీటిని మరల కాచి రెండు లెక్కలను సరిచూడుడు.

గ్రామ పంచాయతీ కార్యదర్శులకు, వ్యవసాయ విస్తరణాధికారులకు ఒక మనవి. రైతు వేదిక ఆవరణలో ఒక పొయ్యిని కట్టించి, పసుపు తవ్వకమునకు ముందే ఈ తూకపు పరీక్షను అందరి ఎదుట జరిపించుడు. పొయ్యి ముందు కూర్చుండువారు ఆడవారే కనుక వారిని తప్పక పిలువుడు. అడ్డురేకును వారి చేతనే జరిపించి, కట్టెను వారి చేతనే తూయించుడు. గ్రామమున మట్టిపని తెలిసిన ఒకరిద్దరికి గొట్టము దులుపుట, బీటలు పూడ్చుట నేర్పించినచో ఈ పొయ్యిలు మూలబడవు.